అమ్మచ్చికి తమిళంలో కోప్పడటం రాదు

నా చిన్నప్పుడు ఆస్ట్రేలియాలోని మా టూవూంబా ఊళ్ళో తెలుగు వినాలంటే రెండే చోట్లు. ఒకటి మా ఇల్లు. రెండోది ఒక చర్చి వెనకాల ఉన్న చిన్న హాలు. శనివారం మధ్యాహ్నాలు ఆ హాలును మాకు ఊరికే వాడుకోనిచ్చేవారు. అందులో రెండు గదులు, ఒక వంటగది ఉండేవి. అప్పటికి ఊళ్ళో మనవాళ్ళు బహు కొద్దిమంది. యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాళ్ళు, ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే అందరికీ పండగే. క్వీన్స్‌లాండ్ రాష్ట్రం అంటే ఎండలే అనుకుని పల్చటి బట్టలతో దిగిన ఆ కొత్తవాళ్ళను మా కొండ మీది చలి బాగా ఏడిపించేది. వాళ్ళకు స్వెటర్లు ఇచ్చేది మా అమ్మ. ఇల్లు వెతికిపెట్టి, కారు నడపడం నేర్పించి, ఏ కొట్లో కందిపప్పు దొరుకుతుందో చెప్పేది మా నాన్న.

మా నాన్న యూనిలో ఇంజినీరింగ్ లెక్చరరు. చాలా మంచివాడు. ఆయన మంచితనం మీద ఊళ్ళో ఎవరికీ అనుమానం ఉండేది కాదు. ఆయనకసలే ఉండేది కాదు. ఏ సమస్యనైనా కాగితం మీద నాలుగు గీతలు గీసి తేల్చేసేవారు. ఆ శనివారం క్లాసుల ఆలోచన కూడా ఆయనదే. పిల్లలు ఇంగ్లీషులో పడి కొట్టుకుపోతున్నారు, వారానికి ఒక పూటైనా ఎవరి భాష వాళ్ళకు నేర్పుకుందాం అని నలుగురినీ కూడగట్టారు. ఆ పని ఇంకెవరూ చేసి ఉండేవారు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయన గురించి ఇప్పుడు రాయబోయేది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అందుకే ముందు ఇది రాశాను.

మా వీధిలోనే, మా ఇంటికి నాలుగడుగుల దూరంలో మలయాళీ ఆంటీ ఉండేది. ఆసుపత్రిలో నర్సు. నర్సింగ్ చదివింది గుంటూరులో, అక్కడే కొన్నేళ్ళు ఉద్యోగం కూడా చేసింది. అందుకని తెలుగు బాగానే మాట్లాడేది. రోగుల దగ్గర నేర్చుకున్న తెలుగు కాబట్టి అందులో ఎప్పుడూ ఒక ఓదార్పు ఉండేది. భర్త మా రాష్ట్రంలోనే ఎక్కడో పడమటి వైపు గనుల్లో పనిచేసేవాడు, అప్పుడప్పుడు వచ్చి వెళ్ళేవాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు, నా ఈడుది, నా క్లాసుది. స్కూలు నుంచి ఇద్దరం కలిసి మా ఇంటికే వచ్చేవాళ్ళం. వాళ్ళమ్మ డ్యూటీ అయ్యేదాకా మా వంటింట్లో కూర్చుని మా అమ్మ కలిపిపెట్టిన పెరుగన్నం తినేది. మా అమ్మ తిట్లు కూడా నాతో సమానంగా తినేది. దానికి తెలుగు మాటలు చాలానే వచ్చు. మలయాళం మాత్రం రాదు.

అందులో ఆంటీ తప్పు లేదు. బళ్ళో చేర్చిన కొత్తల్లో టీచరు పిలిచి, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే పిల్ల వెనకపడిపోతుంది అని చెప్పింది. అప్పట్లో టీచరు చెప్పిందంటే అది శాసనమే. మా ఇంటికీ ఆ మాట వచ్చింది. మా అమ్మ తలూపి వచ్చి, కారెక్కగానే తెలుగులో ఆ టీచరును చెడామడా తిట్టింది. ఆంటీకి అంత ధైర్యం లేకపోయింది. విన్నది. అలా విన్నందుకు ఏళ్ళ తరబడి కుమిలింది. కేరళలో ఉన్న తన తల్లి ఫోన్ చేసినప్పుడు పిల్ల రిసీవరు పట్టుకుని హలో అని, ఇంకేం చెప్పాలో తెలియక తిరిగి ఇచ్చేసేది.

ఇంతలో ఆ తల్లి ప్రయాణం కుదిరింది. వచ్చే చలికాలానికి వచ్చి కొన్నాళ్ళు ఉండి వెళ్తుంది. పెద్దావిడ, మళ్ళీ ఇంత దూరం రావడం జరగదు. శనివారం క్లాసుల సంగతి మాట్లాడుకోవడానికి అందరూ మా ఇంట్లో కూడిన రోజున ఆంటీ చాయ్ కప్పు ఒళ్ళో పెట్టుకుని మా నాన్నతో చెప్పిన మాట నాకింకా చెవిలో ఉంది.

"సార్, మా అమ్మకి ఒక్కతే మనవరాలు. అమ్మ వచ్చేసరికి నా పిల్ల మలయాళంలో ఆమెతో మాట్లాడాలి. చదవడం రాయడం లేకపోయినా పరవాలేదు సార్. మాట్లాడితే చాలు."

ఆంటీ అడిగింది అంతే. నైట్ డ్యూటీలు లేని శనివారాలు తనే వచ్చి చెబుతానంది, డ్యూటీ ఉన్నప్పుడు పిల్లే కూర్చుని రాసుకుంటుందంది. ఒక గది కావాలంది.

ఉన్నవి రెండే గదులు. తమిళం నేర్పడానికి డాక్టర్ అంకుల్ సిద్ధంగా ఉన్నారు. కుంభకోణం వైపు నుంచి వచ్చిన తమిళాయన, పిల్లలంటే ప్రాణం పెట్టేవాడు. ఆయన గదికి ఇంటినిండా పిల్లలున్న రెండు మూడు కుటుంబాలు ఉన్నాయి. తెలుగుకు నేనూ, మా తమ్ముడూ. అంతే. మా నాన్న కాగితం తీసి గీతలు గీశారు. పైన తమిళం అని రాసి, దాని కిందికి ఒక బాణం గీసి, మలయాళం అని రాశారు. తెలుగును పక్కన వేరే కొమ్మ మీద కూర్చోబెట్టారు.

"మలయాళం తమిళంలోంచి పుట్టిందే కదా సిస్టర్. తల్లి భాష పట్టుబడితే పిల్ల భాష అదే వచ్చేస్తుంది. మీ అమ్మాయిని డాక్టరు గారి క్లాసులో కూర్చోబెట్టండి. మీకూ డ్యూటీల మధ్య శ్రమ తగ్గుతుంది. సింపుల్!"

ఆంధ్రా ఆసుపత్రుల్లో నర్సును సిస్టర్ అని పిలిచే అలవాటు మా నాన్నకు అక్కడా పోలేదు. ఆంటీ కాసేపు ఆ కాగితం వంక చూసింది. తమిళం వాళ్ళకు తమిళం, తెలుగు వాళ్ళకు తెలుగు, ఈవిడకూ ఈవిడ భాష అని ఆ గదిలో ఎవరో ఒకరు అనాల్సింది. ఎవరూ అనలేదు. డాక్టర్ అంకుల్ సంతోషంగా, తప్పకుండా పంపండి, మనమంతా ఒకే ఇంటివాళ్ళం అన్నారు. ఆయనా మనస్ఫూర్తిగానే అన్నారు. ఆంటీ ఉంటున్న ఇల్లు మా నాన్న చూసిపెట్టింది. ఆంటీ నడిపే కారు మా నాన్న నేర్పింది. ఆమె పిల్ల రోజూ సాయంత్రం మా ఇంట్లో అన్నం తింటోంది. అలాంటి మనిషికి కాదని చెప్పడం ఎలాగో ఆమెకు తెలియలేదు. "సరే సార్" అంది. మా నాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

తమాషా ఏమిటంటే, మా నాన్నకు ఇలాంటి మాట తన మీదికి వస్తే అస్సలు పడేది కాదు. ఒకసారి డాక్టర్ అంకుల్ మా తెలుగు వాచకం తిరగేసి, ఇది కన్నడమేగా, గుండ్రాలన్నీ ఒకటే అని నవ్వారు. మా నాన్న ఆయనకు గంటసేపు పాఠం చెప్పారు. ఇంటికొచ్చి మా అమ్మకు ఇంకో గంట చెప్పారు. రెండు రోజులు మొహం ముడుచుకునే ఉన్నారు.

క్లాసులు మొదలయ్యాయి. మా గది చిన్నదే గాని హీటర్ ఉండేది. బల్లకు అటు మా నాన్న, ఇటు నేనూ తమ్ముడూ. గుణింతాలు, ఆ తర్వాత పద్యాలు, ఆ తర్వాత పేరాలకు పేరాలు చూసిరాత. పక్క గదిలోంచి పిల్లల గోల వినిపించేది. నా స్నేహితురాలు ఆ గోలలో ఉండేది. నేను వెచ్చగా కూర్చున్నందుకు నాకు గర్వంగా ఉండేది కూడా. మాకొక గది, మాకొక మాస్టారు. దానికి రావలసిన గదిలో నేను కూర్చున్నానన్న ఆలోచన ఆ వయసులో నాకెందుకు వస్తుంది?

అది చురుకైన పిల్ల. నెలలు తిరక్కుండానే తమిళం కూడబలుక్కుని చదివేసింది. ఇంకొన్నాళ్ళకు గడగడా చదివేది. డాక్టర్ అంకుల్ తన సొంత పిల్లల కంటే దాన్నే ఎక్కువ మెచ్చుకునేవారు. ఆంటీ తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు దాన్ని నిలబెట్టి చదివించేవారు. ఆంటీ యూనిఫారంలోనే గుమ్మంలో నిలబడి వినేది, చప్పట్లు కొట్టేది. కళ్ళు తుడుచుకునేది. కూతురి తెలివికి సంతోషపడుతోంది అని మా నాన్న అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను. 

చలికాలం వచ్చింది. ఆంటీ వాళ్ళమ్మ వచ్చింది. వాళ్ళిళ్ళలో అమ్మమ్మను అమ్మచ్చి అంటారు, మేమూ అలాగే పిలిచాం. బ్రిస్బేన్ ఎయిర్‌పోర్టుకు అందరం మా నాన్న పెద్ద కారులోనే వెళ్ళాం. తెల్లటి చీర, పైన ఎవరో ఇచ్చిన మగవాళ్ళ కోటు, చేతిలో అరటికాయ చిప్స్ సంచితో ఆవిడ బయటికి వచ్చింది. నా స్నేహితురాలు వారం రోజులుగా బట్టీపట్టిన వాక్యాలు రెండు గబగబా అప్పజెప్పింది. ప్రయాణం బాగా జరిగిందా, నిన్ను చూడాలని చాలా రోజులుగా ఎదురుచూస్తున్నాను అని. స్వచ్ఛమైన తమిళంలో.

అమ్మచ్చి ఒక్క క్షణం కూతురి వైపు చూసింది. ఆంటీ తలదించుకుంది. అమ్మచ్చి వెంటనే మనవరాలిని దగ్గరకు తీసుకుని తమిళంలోనే బదులు చెప్పింది. ఆవిడ బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైంది. పెళ్ళికి ముందు కోయంబత్తూరులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసిందట. ఆ నాటి తమిళం వెతికి వెతికి తీసి, ఒక్కొక్క మాటా సర్దుకుని మాట్లాడింది. కొండ ఎక్కి ఇంటికి వస్తున్నంతసేపూ వెనక సీట్లో ఇద్దరూ అలా మాట్లాడుకుంటూనే ఉన్నారు. మా నాన్న అద్దంలోంచి చూసి ఉబ్బితబ్బిబ్బయ్యారు. చూశారా సిస్టర్, నేను చెప్పానా అని దారిపొడుగునా అంటూనే ఉన్నారు. ఆంటీ అవును సార్ అంటూనే ఉంది.

ఆ తర్వాత నా సాయంత్రాలు వాళ్ళింటికి మారాయి. అమ్మచ్చి వంటింట్లో ఉంటే అక్కడ వాసనలూ కబుర్లూ వేరుగా ఉండేవి. ఆవిడకు నోరు ఊరుకునేది కాదు. కూతురు తినకుండా డ్యూటీకి బయల్దేరితే వాకిలి దాకా వెంటపడి తిట్టేది. గ్యాస్ పొయ్యిని తిట్టేది. పెరట్లో తీగ మీద ఆరేసిన బట్టల మీద వాలిన మాగ్‌పై పిట్టను చెయ్యి ఊపుతూ తిట్టి, అది మెడ వంచి చూస్తే పకపకా నవ్వేది. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ తిట్లు వినడం ఇష్టంగా ఉండేది. మా అమ్మ తిట్లలాగే ఉండేవి. మనవరాలు లోపలికి రాగానే మాత్రం ఆవిడ గొంతు మారిపోయేది. చేతులు కొంగుకు తుడుచుకుని, కుర్చీ చూపించి, తింటావా అమ్మా, ఇంకొంచెం పెట్టనా అని మెల్లగా, పద్ధతిగా తమిళంలో అడిగేది. అది కూడా చాలు, థాంక్స్ అని అంతే పద్ధతిగా చెప్పేది. ఒక రోజు బూట్లతోనే మంచం ఎక్కి దుప్పటి అంతా బురద చేసింది. నేనైతే వీపు విమానం మోత మోగేది. అమ్మచ్చి ఏమీ అనలేదు. దుప్పటి తీసి నానబెట్టింది.

"మై అమ్మచ్చి ఈజ్ సో పొలైట్" అని అది నాతో అంది. గొప్పగా చెప్పిందో బాధగా చెప్పిందో నాకు తెలియలేదు. నాకు మాత్రం, తిట్టని అమ్మమ్మ దొరికినందుకు దాని అదృష్టమే అదృష్టం అనిపించింది.

ఒక శనివారం మా నాన్న అమ్మచ్చిని ప్రత్యేకంగా హాలుకు పిలిచారు. మీ మనవరాలి చదువు చూద్దురుగాని అని. ఆవిడ పిల్లల కుర్చీలో ముడుచుకుని కూర్చుని క్లాసంతా విన్నది. నా స్నేహితురాలు లేచి ఒక పాఠం మొత్తం చదివింది. అమ్మచ్చి చప్పట్లు కొట్టి, దగ్గరికి పిలిచి తల నిమిరింది. పిల్లలను బయట ఆడుకోమని వదిలి పెద్దవాళ్ళు వంటగదిలో చాయ్ తాగుతున్నారు. చలికి ఆటకు వెళ్ళలేక నేను కెటిల్ పక్కన స్టూలు మీద నక్కాను. మా నాన్న మాంచి హుషారు మీద ఉన్నారు.

"ఏం సిస్టర్, మీ అమ్మగారికి చెప్పండి. తల్లి భాష ముందు నేర్పాం, పిల్ల భాష దానంతటదే వస్తుందన్నాం. వచ్చినట్టేగా!" అన్నారు.

ఆంటీ ఆ మాట చెప్పింది. అమ్మచ్చి చాయ్ పక్కన పెట్టింది.  తర్వాత మలయాళంలో నెమ్మదిగా, మా నాన్న ముఖంలోకే చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఆంటీ ముక్కముక్కగా తెలుగులో అందించింది. కోపం ఏమీ లేదు. చిన్నపిల్లలకు కథ చెప్పినట్టే చెప్పింది.

తను పుట్టిన కొన్నాళ్ళకే వాళ్ళమ్మ పోయిందట. తనకంటే చాలా పెద్దదైన అక్క పెంచిందట. అక్క అదే ఇంట్లో ఉండిపోయింది. ఇల్లూ, ఇంటిపేరూ అక్కకే నిలిచాయి. తనకు పెళ్ళి చేసి వాగుల అవతలి ఊరికి పంపారు. అక్కడ వేరే ఇల్లు, వేరే పేరు, వేరే వంటలు. ఏళ్ళు గడిచాక కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దరినీ పక్కపక్కన చూసి, ఈవిడ మీ అమ్మా అని అడిగేవాళ్ళట. ఆ పాత ఇంట్లో ఉన్నది అక్కే కదా మరి. అక్క తనను కన్నతల్లి కంటే ఎక్కువగా చూసింది కాబట్టి అమ్మ అన్నా తను కాదనేది కాదట.

"కానీ మా ఇద్దరినీ కన్న మనిషి ఒకావిడ ఉంది సార్. ఆమె ఫోటో కూడా లేదు. లేదు కాబట్టి ఎవరూ ఆమెను లెక్కలో వెయ్యరు అంటోంది అమ్మ."

భాషల సంగతీ అంతేనంది అమ్మచ్చి. కొండలకు అటూ ఇటూ ఒకప్పుడు జనం ఒకే మాట మాట్లాడుకున్నారు. తూర్పున ఉన్నవాళ్ళకు తమిళమన్న పాత పేరు నిలిచింది. పడమటి వైపు వానల్లో ఉన్నవాళ్ళు సంస్కృతంతో కలిసి, ఓడలెక్కి వచ్చినవాళ్ళతో కలిసి, తమ దారిన తాము మాట్లాడుకుంటూ పోయారు. వందల ఏళ్ళు పోయారు. అటువాళ్ళ మాట మాత్రం మారలేదా? అదీ మారింది. పేరు మారలేదు కాబట్టి అదే అమ్మ అనుకుంటున్నారు. డాక్టర్ అంకుల్ గడ్డం గోక్కుని, మా బళ్ళో మాత్రం తమిళం తల్లి, మలయాళం కూతురు అనే చెప్పారమ్మా, పండితులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు అన్నారు. అమ్మచ్చి నవ్వింది.

"అమ్మే అనుకోండి. నాకేం తక్కువ కాదు. అయినా కూతురు అమ్మ అయిపోదు కదా, వేరే మనిషే" అంది.

అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వారు. అక్కడితో ఆగి ఉంటే ఆ రోజు నాకు గుర్తుండేది కాదేమో. మా నాన్న ఆగలేదు. ఆయనకు చివరి మాట తనదే కావాలి. "అక్కో అమ్మో, ఏదైతేనేం, మీరిద్దరూ చక్కగా మాట్లాడుకుంటున్నారుగా. అదేగా మనకు కావలసింది" అన్నారు.

అమ్మచ్చి నవ్వు ఆగిపోయింది. ఆవిడ కిటికీలోంచి బయట ఆడుతున్న మనవరాలి వైపు చూసింది. చెప్పాలా వద్దా అని తటపటాయించింది. చివరికి చెప్పింది. ఆంటీ అది తెలుగులోకి మార్చడానికి చాలాసేపు పట్టింది.

"నాకు వచ్చిన తమిళం ఇంటికొచ్చిన చుట్టాలకు అన్నం పెట్టడానికి సరిపోతుంది అంటోంది సార్. మనవరాలిని కోప్పడటానికి సరిపోదు అంటోంది. తమిళంలో కోప్పడటం తనకు రాదు. ముద్దు చెయ్యడం కూడా రాదు. వచ్చినప్పటి నుంచి చుట్టాలమ్మాయికి మర్యాద చేసినట్టే చేస్తున్నాను అంటోంది. దాన్ని ఒక్కసారైనా తిట్టి వెళ్ళాలని ఉంది అంటోంది."

చివరి మాట చెబుతూ ఆంటీ ఏడ్చింది. డ్యూటీలో ఏడ్చేవాళ్ళను ఎంతమందిని చూసి ఉంటుందో, ఆమె అలా పైకి ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. డాక్టర్ అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈ పిల్ల బాగా చదువుతోందని మురిసిపోయానే గాని ఏం పోగొట్టుకుంటోందో ఆలోచించలేదు అని గొణిగారు.   మా నాన్న ముఖం నల్లగా మాడిపోయింది. అందరిలో ఆయనకు తల తీసేసినట్టు అయింది.

నాకు అప్పుడు పెరట్లో మాగ్‌పై గుర్తొచ్చింది. ఆ పిట్టకు దొరికిన మలయాళం మనవరాలికి దొరకలేదు. దొరకాల్సిన గదిలో నేనున్నాను. హీటర్ పక్కన, వెచ్చగా, పేరాలు చూసిరాస్తూ. నన్నెవరూ ఏమీ అనలేదు, నా వైపు ఎవరూ చూడను కూడా చూడలేదు. అయినా స్టూలు మీద నుంచి లేచి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. నేను చేసిన తప్పేమీ లేదని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నా ఆ రోజు పట్టుకున్న ఆ సిగ్గు వదల్లేదు.

వారం తిరిగాక మా నాన్న మాకంటే ముందు హాలుకు వెళ్ళారు. మేం వెళ్ళేసరికి మా గదిలో మా పుస్తకాలు లేవు. హీటర్ వెలుగుతోంది. దాని పక్కన పెద్దవాళ్ళ కుర్చీ ఒకటి తెచ్చి వేసి, అమ్మచ్చిని కూర్చోబెట్టి, ఎదురుగా నా స్నేహితురాలిని కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేశారు. క్షమించమని అడిగారో లేదో నాకు తెలియదు. నేను వినలేదు. మమ్మల్నిద్దరినీ కారు దగ్గరికి తీసుకెళ్ళారు. వెనక సీట్లో నేనూ తమ్ముడూ, ముందు సీట్లో వెనక్కి తిరిగి ఆయన. కోట్లు వేసుకుని, చేతులు రుద్దుకుంటూ చదివాం. చలికి అద్దాల మీద ఆవిరి పట్టేది. నేను మాటిమాటికీ దాన్ని తుడిచి ఆ గది కిటికీ వైపు చూసేదాన్ని. మా నాన్న ఇటు చూడు అని గద్దించలేదు. ఆయనా అటే చూస్తూ ఉండేవారు.

అమ్మచ్చి ఉన్నది ఇంకొన్ని వారాలే. రోజూ ఇంట్లో, శనివారాలు గదిలో, ఆవిడ మనవరాలికి చెప్పగలిగినంత చెప్పింది. ఒకసారి గదిలోంచి పెద్దగా కేక వినిపిస్తే ఉలిక్కిపడి కారు దిగాను. అమ్మచ్చి తిడుతోంది. నా స్నేహితురాలు మొహం వెలిగిపోతూ వింటోంది. ఒక్కసారైనా తిట్టి వెళ్ళాలన్న ఆవిడ కోరిక తీరింది. కానీ కొద్ది వారాల్లో ఏ భాష వస్తుంది? ఆవిడ తిరిగి వెళ్ళిపోయింది, ఆ మరుసటి వానాకాలంలో పోయింది కూడా. ఆంటీకి డ్యూటీలు ఎక్కువయ్యాయి. కొన్నాళ్ళకు దేశానికి ఆ చివరన ఉన్న పెర్త్‌లో తమవాళ్ళు ఉన్నారని, భర్తకు అటువైపు పని దొరికిందని సామాన్లు సర్దుకున్నారు. వెళ్ళే ముందు మా ఇంటికొచ్చి, మీరు చేసిన సాయం మరిచిపోను సార్ అంది ఆంటీ. ఆ మాట మనసులోంచే అంది. మా నాన్న ఆమె మొహం చూడలేక డిక్కీలో పెట్టెలు సర్దుతూ నిలబడ్డారు.

ఆ గది ఖాళీ అయింది. మేం మళ్ళీ అందులోకి వెళ్ళలేదు. చలిగా ఉంది నాన్నా, గది ఖాళీగానే ఉందిగా అని తమ్ముడు గొడవ చేశాడు. "అది మనది కాదురా" అని మాత్రం అన్నారు. నేను హైస్కూలు చదువు అయ్యేదాకా కారులోనే తెలుగు చదువుకున్నాను. ఆయన తన తప్పు గురించి ఒక్కసారి కూడా నోరు తెరిచి మాట్లాడలేదు. నాకు మాత్రం ఇంకెవరికీ దొరకనంత శ్రద్ధగా తెలుగు నేర్పారు. పోగొట్టిన దానికి బదులు ఎక్కడో ఒకచోట చెల్లించాలని అనుకున్నారేమో. కానీ చెల్లింపు నాకు చేరింది, పోయింది నా స్నేహితురాలిది. నాకు వచ్చిన ప్రతి పద్యంతో పాటు ఈ బాకీ కూడా నాకు వచ్చింది.

మా నాన్న ఇప్పుడు లేరు. నేను మెల్‌బోర్న్‌లో పాయింట్ కుక్‌లో ఉంటున్నాను. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. రోజంతా టీవీతో, నాతో, నా మనవడితో వాదిస్తూనే ఉంటుంది. నా స్నేహితురాలు పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో. నెలకోసారైనా ఫోన్లో మాట్లాడుకుంటాం. ఇంగ్లీషులోనే. మధ్యలో అది నన్ను ఏడిపించడానికి మా అమ్మ తిట్టిన తిట్టు ఒకటి తెలుగులో తిడుతుంది.

పోయినేడాది అది ఫోన్ చేసి ఆంటీ సంగతి చెప్పింది. మతిమరుపు ముదిరిందట. ముందు తెలుగు పోయింది. తర్వాత ఇంగ్లీషు పోయింది. ఇన్నేళ్ళు ఇంగ్లీషులో డ్యూటీలు చేసిన మనిషికి ఇప్పుడు మలయాళం ఒక్కటే మిగిలింది. పొద్దస్తమానం అందులోనే మాట్లాడుతుంది, బదులు చెప్పమని అడుగుతుంది. వాళ్ళ నాన్న ఉంటే చెప్పేవాడు, ఆయన ముందే పోయాడు.

నేను విమానం ఎక్కి వెళ్ళాను. ఆంటీ నన్ను గుర్తుపట్టిందో లేదో గాని నా చెయ్యి పట్టుకుంది. ఏదో చాలాసేపు చెప్పింది. మధ్యలో నవ్వింది, ఒక చోట గొంతు తగ్గించింది, చివర్లో ఏదో గట్టిగా అడిగింది. నేను నా స్నేహితురాలి వైపు చూశాను. అది తల్లి మాటలు వింటూ కళ్ళు చిట్లించి, ఒక్కొక్క మాటా పట్టుకోవడానికి ప్రయత్నిస్తోంది. ఏమంటోంది అని అడిగాను.

"సగం తెలుస్తోంది. డాక్టర్ అంకుల్ తమిళం పుణ్యమా అని" అంది ఇంగ్లీషులో. తర్వాత నవ్వుతూ, "మీ నాన్న వాజ్ హాఫ్ రైట్, యూ నో" అంది.

దానికి ఎవరి మీదా కోపం లేదు. మా నాన్నంటే దానికి ఇప్పటికీ ఇష్టం. కోపం ఉంటే నాకు బాగుండేది. ఆంటీ గట్టిగా అడిగిన ఆ మాట దానికి అర్థం కాని ఆ రెండో సగంలో ఉండిపోయింది. నా స్నేహితురాలు తల్లి చెయ్యి నిమురుతూ, తనకు తెలిసిన తమిళంలో ఏదో మెల్లగా చెప్పింది. ఆంటీ అది విని, దాని ముఖంలోకి ఒకసారి చూసి, మళ్ళీ అదే అడిగింది.

అప్పుడే నా ఫోన్ మోగింది. మా అమ్మ. అన్నం తిన్నావా, అక్కడ చలిగా ఉందా, నీ మనవడు కొత్త ఆవకాయ జాడీ మూత పగలగొట్టాడు అని మొదలుపెట్టింది. నేను కుర్చీలోంచి లేచి, వాళ్ళిద్దరికీ వినపడకుండా పెరట్లోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి తెలుగులో బదులు చెప్పాను. ఏమే, గొణుగుతున్నావేం, గట్టిగా మాట్లాడు అని కోప్పడింది మా అమ్మ. గట్టిగా మాట్లాడటం నావల్ల కాలేదు. ఇప్పుడు మా ఇంట్లో, పక్క గదిలో ఎవరూ లేకపోయినా, అమ్మతో మాట్లాడుతుంటే నాకు తెలియకుండానే గొంతు తగ్గిపోతుంది.